5 స్టార్ గీజర్ కొనే ముందు మీ ఏసీ వైపు ఒకసారి చూడండి

ఫోన్ కొనేటప్పుడు చిప్‌సెట్ ఎన్ని నానోమీటర్లో కూడా చూస్తాం. గీజర్ దగ్గరికొచ్చేసరికి మాత్రం లీటర్లు, స్టార్లు చూసి బిల్లు కట్టేస్తాం. డబ్బులు పోయేది ఇక్కడే.

స్టోరేజ్ గీజర్ మీద ఉండే స్టార్ రేటింగ్, కాగిన నీళ్ల వేడి ట్యాంకులోంచి ఎంత పోతుందో చెప్పేది. నీళ్లు కాచడానికి అయ్యే కరెంటు గురించి కాదు. 1 స్టార్ అయినా 5 స్టార్ అయినా లోపల ఉండేది కాయిలే. ఒక యూనిట్ కరెంటు తీసుకుంటే ఒక యూనిట్ వేడే ఇస్తుంది, అంతకు మించి రాదు.

మరి ఏసీ? అది చల్లదనాన్ని తయారుచేయదు. గదిలోని వేడిని రిఫ్రిజిరెంట్‌లోకి లాగి, కంప్రెసర్‌తో నొక్కి, అవుట్‌డోర్ యూనిట్ దగ్గర వదిలేస్తుంది. కరెంటు ఖర్చు వేడిని మోసినందుకే. అందుకే ఒక యూనిట్‌తో దాదాపు మూడు యూనిట్ల వేడిని తరలించగలదు. హీట్ పంప్ అంటే ఇదే. హాట్ అండ్ కోల్డ్ ఏసీలో అదనంగా ఉండే రివర్సింగ్ వాల్వ్ గ్యాస్ దారిని తిప్పేస్తుంది, అప్పుడు బయటి గాలిలోని వేడి గదిలోకి వస్తుంది. చలిగాలిలోనూ వేడి ఉంటుంది కాబట్టే నార్వేలో కూడా చాలా ఇళ్లు వీటితోనే వెచ్చగా ఉంటున్నాయి.

నా మాట సూటిగా చెప్తా. హైదరాబాద్, విజయవాడల్లో హాట్ అండ్ కోల్డ్ ఏసీకి ఎక్స్‌ట్రా పెట్టడం దండగ. ఢిల్లీ అయితే వేరే సంగతి. మనకి హీట్ పంప్ అసలు పనికొచ్చేది నీళ్లు కాచడానికి.

లెక్క చూడండి. రోజుకు 100 లీటర్లను 25 నుంచి 45 డిగ్రీలకు కాచాలంటే గీజర్‌కు సుమారు 2.3 యూనిట్లు కావాలి, నెలకు 70. మూడింతలు వేడి ఇచ్చే హీట్ పంప్‌కు నెలకు 23 చాలు. యూనిట్ 7 రూపాయలనుకుంటే నెలకు దాదాపు 330 మిగులు.

మైనస్‌లూ ఉన్నాయి. ధర గీజర్‌కి కొన్ని రెట్లు. నెమ్మదిగా కాస్తుంది కాబట్టి పెద్ద ట్యాంకు కావాలి, గాలి ఆడే చోటూ కావాలి. అద్దె గదిలో ఉండే బ్యాచిలర్‌కి అస్సలు వద్దు. రోజంతా వేడినీళ్లు వాడే హాస్టల్‌కి, పెద్ద కుటుంబానికి మాత్రం కచ్చితంగా ఆలోచించదగ్గదే.

ఇంట్లో ఎవరైనా కొత్తిల్లు కడుతుంటే ప్లంబింగ్ పూర్తికాక ముందే ఈ మాట చెవిన వేయండి. షాపులో స్టార్ల గురించి కాదు, సీఓపీ ఎంతో అడగండి.