చెక్కు వద్దు, శనివారం పూట ఒక వకీలు కావాలి

మా కాలేజీ లీగల్ ఎయిడ్ క్లినిక్‌కు ఏం సాయం చేయమంటారని హైదరాబాద్‌లోని కొన్ని లా ఫర్మ్‌లు అడుగుతుంటాయి. కుర్చీలు, కంప్యూటర్ కొనిస్తామంటారు. శిబిరం పెడితే బ్యానర్, భోజనాల ఖర్చు భరిస్తామంటారు. లా పాఠాలు చెబుతూ ఆ క్లినిక్ చూసుకునే మనిషిగా నా జవాబు ఒకటే: మీ వకీలును పంపండి. నెలకు రెండు శనివారాలు చాలు.

మా పిల్లలు సలహా చెప్పగలరు గానీ కోర్టులో వాదించలేరు. 1961 అడ్వకేట్స్ చట్టం ప్రకారం ఆ హక్కు బార్ కౌన్సిల్‌లో నమోదైన న్యాయవాదులదే. పూర్తికాలం జీతం తీసుకునే అధ్యాపకురాలిని కనుక నాకూ వకాలతు వేసే వీల్లేదు. ప్రతి లా కాలేజీలో న్యాయ సహాయ కేంద్రం ఉండాలని బార్ కౌన్సిల్ 2008 నిబంధనల్లో రాసింది. మంచిదే. కానీ అక్కడ కూర్చున్న ఎవరి సంతకమూ కోర్టులో చెల్లకపోతే వచ్చినవాళ్ల పని సగంలో ఆగిపోతుంది.

ఆ మధ్య పాలమూరు నుంచి వలస వచ్చి సెంట్రింగ్ పనిచేసే ఒకాయన వచ్చాడు. కాంట్రాక్టర్ కూలి ఎగ్గొట్టాడు. మా నాలుగో ఏడాది అమ్మాయి సెక్షన్లన్నీ పేర్చి చక్కని నోటీసు రాసింది. ఆ రోజు ఫర్మ్ నుంచి వచ్చిన న్యాయవాది అది చదివి, "అన్నా, ఇంతకుముందు పైసలు ఎట్ల ఇచ్చెటోడు?" అని అడిగాడు.

"ఫోన్‌పేల కొట్టెటోడు సార్."

ఫోన్ తీయించి చూశాడు. వారం వారం పడ్డ డబ్బు, పంపినవాడి పేరు, తేదీలు అన్నీ ఉన్నాయి. హాజరు పుస్తకం కాంట్రాక్టర్ దగ్గరే ఉంటేనేం, పని చేసినట్టు ఆధారం ఈయన జేబులోనే ఉంది. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం జత చేయాలని ఆ అమ్మాయికి తెలుసు, పరీక్షలో రాసింది కూడా. ఆ సాక్ష్యం కోసం ఎక్కడ వెతకాలో మాత్రం ఆ పూటే తెలిసింది. నోటీసు న్యాయవాది సంతకంతో వెళ్లింది. అంతవరకు ఫోనెత్తని కాంట్రాక్టర్ మాట్లాడుకుందామని కబురు పెట్టాడు.

అలాగని క్లినిక్‌ను వకీళ్లకే అప్పగించమని కాదు. భర్త వదిలేసిన ఆడవాళ్లు ఫీజు ఎంతవుతుందోనని బెదురుతూ వస్తారు. 1987 న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్ ప్రకారం మహిళలకు, పిల్లలకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా న్యాయవాదిని పెట్టిస్తారు. ఈ మాట చెప్పి, జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు రాసి, వెంట వెళ్లడానికి విద్యార్థి చాలు. గంటసేపు కూర్చుని కన్నీళ్ల మధ్య కథంతా వినే ఓపిక, తీరిక కూడా వాళ్లకే ఉన్నాయి. రాసింది దిద్దడం, పరీక్షల నెలల్లో ఫైలు కదులుతూ ఉండేలా చూడడం, కోర్టుకెక్కాల్సిన కేసును అందుకోవడం ఫర్మ్ చేయాల్సిన పని.

పెద్ద కంపెనీలు లాభాల్లో 2 శాతం సమాజం కోసం ఖర్చు పెట్టాలని 2013 కంపెనీల చట్టం చెబుతోంది. భాగస్వామ్య సంస్థలుగా నడిచే లా ఫర్మ్‌లకు అది వర్తించదు. వాళ్లంతట వాళ్లు పూనుకోవాల్సిందే.

పూనుకునేవాళ్లు ఒక జాగ్రత్త తీసుకోవాలి. ఏ బిల్డర్ కేసులు తమ దగ్గరున్నాయో ఆ బిల్డర్ మీద ఫిర్యాదు తెచ్చిన కూలీ కాగితాలు వాళ్లు ముట్టుకోకూడదు. పేర్లు ముందే సరిచూసుకుని మరో వకీలుకు పంపాలి. ఇంకొకటి జూనియర్ల సంగతి. ఏ క్లయింటుకు ఎన్ని గంటలు పనిచేశారో ఫర్మ్‌లు లెక్క రాసుకుంటాయి. క్లినిక్‌లో గడిపిన గంటలూ ఆ లెక్కలోనే పడాలి. ఆఫీసు పనంతా చేయించుకుని, మిగిలిన ఓపికతో సేవ చేసి రమ్మంటే ఒకసారి వస్తారు, రెండోసారి రారు.