వేషం వేసిన విషం

తెలుగు మేష్టరుకు ఎలుక మెదడుతో ఏం పని అని మా ఆవిడ అడిగింది. పని ఉంది, దేవతల పంక్తిలో కూర్చున్న రాహువు ఇందులోనూ ఉన్నాడు మరి!

నాడీకణాల మధ్య కబుర్లు మోసే పదార్థాల్లో సెరటోనిన్ ఒకటి. కబురు అందాక, దాన్ని విడిచిన కణమే మళ్ళీ లోపలికి తీసుకుంటుంది. 5,7-డైహైడ్రాక్సీట్రిప్టమీన్ అనే విషం అచ్చం దాని పోలికే. ఒక్క ఆక్సిజన్ పరమాణువు ఎక్కువ, అంతే. మనవాడే కాబోలనుకుని కణం తలుపు తీస్తుంది. లోపల చేరి ఇది ఆ కణాన్నే చెరుస్తుంది. పాపం, రాహువు అమృతం కోసమే వచ్చాడు!

1997లో కేంబ్రిడ్జి పరిశోధకులు ప్రకటించిన ప్రయోగం ఒకటుంది. ఎలుకల మెదడులోకి ఈ విషం ఎక్కించి సెరటోనిన్‌ను బాగా తగ్గించారు. పెట్టెకు ఐదు కన్నాలు. దీపం వెలిగేదాకా ఆగి, వెలిగిన కన్నంలోనే ముక్కు పెడితే మేత. ఏ కన్నమో గుర్తుపట్టడంలో ఆ ఎలుకలకు లోటు రాలేదు. ఆగడమే చేతకాలేదు. వెలగకముందే ముక్కు దూర్చేవి.

నా క్లాసులో ఒక కుర్రవాడున్నాడు. ప్రశ్న సగంలో ఉండగానే జవాబు చెప్పేస్తాడు. జవాబు ఒప్పే. పొగరుబోతంటారు తోటి మేష్టర్లు. ఎలుకను చూసి మనిషికి తీర్పు చెప్పరాదు గాని, తెలివి వేరు, ఆగగలగడం వేరు అన్న సంగతి నాకిక మరుపు రాదు.

చిత్రమేమంటే, 2004లో అక్కడివారే మరో ప్రయోగం ప్రకటించారు. ఇప్పుడే చిన్న మేతా, కాసేపాగి పెద్ద మేతా అని బేరం పెడితే, సెరటోనిన్ తగ్గిన ఎలుకలు మామూలు ఎలుకల్లాగే ఎంచుకున్నాయట. మా నిఘంటువుల్లో ఓర్పు, తాలిమి పర్యాయపదాలు. ఎలుక ఒప్పుకునేట్టు లేదు!