సాయంత్రం ఆరు తర్వాత అమరావతి

అమరావతి పనులు 2025 మే 2న మళ్లీ మొదలయ్యాయి. రోడ్లు, టవర్లు ఎంతవరకు వచ్చాయని అందరూ అడుగుతున్నారు. నగర ప్రణాళిక పని చేసేవాడిగా నా ప్రశ్న వేరు: ఆఫీసులు వదిలాక అక్కడ ఎవరుంటారు?

217 చదరపు కిలోమీటర్ల రాజధానిని తొమ్మిది నగరాలుగా గీశారు. పరిపాలనకొకటి, న్యాయానికొకటి, ఆర్థిక రంగానికొకటి, ఇలా. పేరుకు తగ్గట్టే కట్టుకుంటూ పోతే ఏమవుతుందో చండీగఢ్ చెబుతోంది. సెక్టార్ 17ను నగర కేంద్రమన్నారు. కొట్లు, బ్యాంకులు, ఆఫీసులు పెట్టారు, కాపురాలకు చోటివ్వలేదు. 2013లో ఎలాంటే మాల్ తెరిచాక గిరాకీ అటు మళ్లిందని అక్కడి వ్యాపారులు మొత్తుకున్నారు. చుట్టూ ఇళ్లుంటే కనీసం ఆ ఇళ్ల బేరమైనా మిగిలేది.

టిఫిన్ సెంటర్ లెక్క చూడండి. పొద్దున ఇడ్లీకి ఇళ్లవాళ్లు, పదకొండింటికి టీకి ఆఫీసువాళ్లు, సాయంత్రం పునుగులకు కాలేజీ పిల్లలు, రాత్రి చపాతీకి హాస్టల్ వాళ్లు. నాలుగు బేరాలూ కలిస్తేనే అద్దె గిట్టుతుంది. వట్టి ఆఫీసుల మధ్య పెడితే దక్కేది పగటి బేరమే. సెలవు రోజున అదీ ఉండదు.

గుంటూరు బ్రాడీపేటలో అడ్రసు 4/7 అంటే నాలుగో లైను, ఏడో అడ్డరోడ్డు. నాలుగడుగులేస్తే ఇంకో మూల వస్తుంది, మూల మూలకీ ఒక కొట్టు. కింద మందుల షాపు, పైన కాపురం. అమరావతి సీడ్ యాక్సెస్ రోడ్డు వెడల్పు 60 మీటర్లు. పాల ప్యాకెట్ కోసం దాన్ని దాటేదెవరు?

రాజధాని కోసం మెట్ట ఎకరం ఇచ్చిన రైతుకు 1000 గజాల నివాస ప్లాటు, 250 గజాల వాణిజ్య ప్లాటు విడివిడిగా వస్తాయి. జనం లేనిదే రైతు కొట్టు కట్టడు, కొట్లు లేనిదే జనం కాపురానికి రారు. మిశ్రమ వినియోగ జోన్లు నిబంధనల్లో ఉన్నాయి, నిజమే. కానీ జోను అనుమతి మాత్రమే ఇస్తుంది. ఏది ముందు కట్టాలో చెప్పదు.

అందుకే ఒక్కో వాణిజ్య కేంద్రానికి పది నిమిషాల నడకలో ఎన్ని ఇళ్లు, ఏ ఏడాదికి వస్తాయో ఇప్పుడే ప్రకటించాలి. ఇకపై కట్టే ఉద్యోగుల క్వార్టర్లలో కింది అంతస్తు కొట్లకు వదలాలి. పెద్ద బ్లాకుల మధ్య అడ్డరోడ్లు వేయాలి. ఇవాళ ఇది కాగితం మీద దిద్దుబాటే. గోడలు లేచాక చోటు కావాలంటే మళ్లీ అదే రైతు గడప తొక్కాలి.