మొదటి పేజీ చదవడం ఎవరు నేర్పుతారు?

మీడియాను హైస్కూల్లో ఒక సబ్జెక్టుగా పెట్టాలని ఎవరైనా అంటే వెంటనే వచ్చే మాట, “అది చదివితే ఏ ర్యాంకు వస్తుంది?” అని. ఆ వెనకే ఇంకోటి: “పిల్లలు పొద్దస్తమానం ఫోన్లోనే ఉంటున్నారు, మళ్లీ బడిలో కూడా అదేనా?” విలేకరి కావాలనుకున్నవాళ్లు డిగ్రీ అయ్యాక జర్నలిజం చదువుకుంటారు, ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకు దాంతో పనేమిటన్నది చాలామంది తల్లిదండ్రుల అభిప్రాయం. ఈ అభిప్రాయంతో నేను పూర్తిగా విభేదిస్తున్నాను.

ర్యాంకు అన్నారు కాబట్టి ర్యాంకుల దగ్గరే మొదలుపెడదాం. జేఈఈ ఫలితాలు వచ్చిన మర్నాడు పేపరు తెరవండి. వార్తలకు ముందు ప్రకటనే ఎదురవుతుంది. వరసలు వరసలుగా పిల్లల ఫొటోలు, హాల్‌టికెట్ నంబర్లు, బొటనవేలంత అంకెల్లో ర్యాంకులు. కొన్నిటి పక్కన కళ్లు చిట్లించి చూస్తే తప్ప కనపడనంత చిన్న అక్షరాల్లో అది ఏ కేటగిరీ ర్యాంకో ఉంటుంది. ఆ సంస్థలో ఎంతమంది ఫీజు కట్టారు, ఎంతమంది పరీక్ష రాశారు, ఎంతమందికి సీటు రాలేదు అన్న లెక్క మాత్రం ఎంత వెతికినా దొరకదు. శాతాల లెక్కలు అలవోకగా చేసే పిల్లలు కూడా ఆ పేజీ చూసి “ఎంతమందిలో ఇంతమంది?” అని అడగరు. లోపం లెక్కల మాస్టారిది కాదు. ఆ పేజీని బల్లమీద పరిచి చదివించే పీరియడ్ బడిలో లేదు. అప్పు చేసి లక్షల ఫీజు కట్టే కుటుంబాలు నమ్మేది ఆ పేజీనే.

ఇలాంటి ప్రకటనల మీద కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 నవంబరులో మార్గదర్శకాలు తెచ్చింది. విజేత ఫొటో వాడుకుంటే అతను చదివిన కోర్సేది, ఎంతకాలం చదివాడు, ఫీజు కట్టాడా లేదా అన్నవి చెప్పి తీరాలంది. మంచిదే. కానీ చదివే కన్ను లేనిచోట ఆ వివరాలు వేసినా ఎవరు చూస్తారు?

ప్రకటన ప్రకటనలా వస్తే కనీసం పోల్చుకోవచ్చు. వార్త రూపంలో వస్తే? 2009 ఎన్నికల్లో అభ్యర్థుల దగ్గర డబ్బు తీసుకుని వార్తలు వేశారన్న ఆరోపణల మీద ప్రెస్ కౌన్సిల్ ఒక ఉపసంఘం వేసింది. అందులోని ఇద్దరు సభ్యుల్లో ఒకరు మన తెలుగు జర్నలిస్టు కె. శ్రీనివాసరెడ్డి, రెండోవారు పరంజయ్ గుహా ఠాకుర్తా. 2010లో వాళ్లిచ్చిన నివేదికను కౌన్సిల్ కుదించి విడుదల చేసింది. పూర్తి పాఠం అధికారికంగా బయటికి రావడానికి 2011లో కేంద్ర సమాచార కమిషన్ ఆదేశం అవసరమైంది. పద్దెనిమిదేళ్లు నిండగానే ఓటు వేయబోయే పిల్లలకు ఈ చరిత్ర తెలియనక్కర్లేదా?

“మన పేపర్లలో, చానళ్లలో ఏది ఏ పార్టీదో అందరికీ తెలుసు, ఇక నేర్పేదేముంది?” అనేవాళ్లున్నారు. నాకు అన్నిటికన్నా ప్రమాదకరంగా కనిపించేది ఈ మాటే. యజమాని ఎవరో తెలిసినంత మాత్రాన చదవడం వచ్చినట్టు కాదు. అవతలి పార్టీ పేపర్లో వచ్చిందంటే నిజాన్ని కూడా కొట్టిపారేయడం, మన పేపర్లో వస్తే పుకారును కూడా నమ్మడం దీని ఫలితం. తరగతి గదిలో చేయాల్సిన పని వేరు. ఒకే రోజు, ఒకే అసెంబ్లీ సమావేశం మీద వచ్చిన రెండు వార్తలు పిల్లల ముందు పెట్టాలి. పేరు పెట్టి చెప్పిన మాటలకు ఒక రంగు గీత, “తెలిసింది”, “సమాచారం”, “జోరుగా చర్చ జరుగుతోంది” అని ముగిసే వాక్యాలకు ఇంకో రంగు గీత గీయించాలి. ఏ వార్త దేనిమీద నిలబడిందో పిల్లలే చెబుతారు. ఇష్టంలేని పేపర్లోనూ నిజమేదో, నచ్చిన పేపర్లోనూ ఊహ ఏదో అప్పుడు పట్టుకుంటారు.

ఫోన్ లాక్కుంటే చాలనుకునేవాళ్లు 2018ని గుర్తుచేసుకోవాలి. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయంటూ వాట్సాప్‌లో వీడియోలు పంపుకున్నది ఎక్కువగా పెద్దవాళ్లే. ఆ మే నెలలో హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను గుంపు కొట్టి చంపింది. అదే సమయంలో గద్వాల ఎస్పీ రెమా రాజేశ్వరి ఊరూరికీ పోలీసులను పంపి, పాటలతో, డప్పులతో జనానికి నచ్చజెప్పించారు. అక్కడ ప్రాణాలు పోలేదు. అదే ఏడాది కేరళలోని కన్నూరు జిల్లాలో 150 ప్రభుత్వ బడుల్లో అబద్ధపు వార్తను గుర్తించడం మీద పాఠాలు మొదలయ్యాయి. పిల్లలు ఇంటికెళ్లి పెద్దవాళ్లకు చెబుతారన్నది అక్కడి ఆలోచన. మనమేమో 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో ఎనిమిదో తరగతి పిల్లల చేతికి ట్యాబులిచ్చాం. తెర మీద కనిపించేదాన్ని ఎలా బేరీజు వేయాలో చెప్పే సబ్జెక్టు ఇవ్వలేదు.

సోషల్ స్టడీస్‌లో ఒక పాఠం పెడితే చాలదా అన్న వాదనా ఉంది. 2007 నాటి ఎన్‌సీఈఆర్‌టీ ఏడో తరగతి పుస్తకంలో మీడియా మీద ఒక పాఠం, ప్రకటనల మీద ఒక పాఠం ఉండేవి. చక్కటి పాఠాలే. పరీక్ష దగ్గరపడేసరికి అలాంటి పాఠం “మీడియా అనగానేమి?” అనే రెండు మార్కుల ప్రశ్నగా మిగులుతుంది. టైంటేబుల్లో చోటు లేనిది మన బడుల్లో బతకదు. లైబ్రరీ పీరియడ్, డ్రాయింగ్ పీరియడ్ ఏమయ్యాయో చూస్తూనే ఉన్నాం.

ఏది నిజమో ప్రభుత్వమే పాఠ్యపుస్తకంలో రాసేస్తుందన్న భయం మాత్రం న్యాయమైనదే. అందుకే ఆ పుస్తకంలో తీర్పులుండకూడదు, పద్ధతి ఉండాలి. పరీక్షలో ఎప్పుడూ చూడని క్లిప్పింగు ఇచ్చి ప్రశ్నలు వేయమనాలి.

రెండు తెలుగు రాష్ట్రాల ఎస్‌సీఈఆర్‌టీలు ఎనిమిది, తొమ్మిది తరగతులకు వారానికి రెండు పీరియడ్లతో, మార్కులతో ఈ సబ్జెక్టు మొదలుపెట్టాలి. బీఎడ్‌లో దీనికి శిక్షణ చేర్చాలి. తల్లిదండ్రులారా, మీ పిల్లల బడిలో ఈసారి జరిగే సమావేశంలో ర్యాంకుల గురించి అడిగేటప్పుడు దీని గురించి కూడా అడగండి.