ఒకే ఇల్లా, వేరు కాపురాలా?

ప్రాథమిక వ్యవసాయ సహకార పరపతి సంఘాల కంప్యూటరీకరణకు కేంద్ర ప్రభుత్వం 2022 జూన్‌లో ఆమోదం తెలిపింది. 63,000 సంఘాలను లక్ష్యంగా చేసుకొని, 2,516 కోట్ల రూపాయల అంచనా వ్యయంతో రూపొందిన ఈ పథకం దేశమంతటికీ ఒక ఉమ్మడి సాఫ్ట్‌వేర్‌ను నిర్దేశించింది. 2023లో వెలువడిన నమూనా బైలాలు గిడ్డంగులు, పాడి, చేపల పెంపకం మొదలుగా 25కు పైగా వ్యాపకాలకు ఈ సంఘాలకు అవకాశం కల్పించాయి. వ్యాపకాలు పెరుగుతున్న కొద్దీ ఒక ప్రశ్న మనముందు నిలుస్తున్నది. ఇన్ని పనులకూ ఒకే సాఫ్ట్‌వేర్ ఉండవలెనా, లేక పనికొకటి చొప్పున విడివిడిగా ఉండవలెనా?

రంగాలవారీ విభజనను కోరేవారి వాదనలో బలమున్నది. ఒకే మాటకు ఒక్కొక్క విభాగంలో ఒక్కొక్క అర్థం ఉంటుందనీ, ఆ అర్థాల సరిహద్దులే సాఫ్ట్‌వేర్‌కు సరిహద్దులు కావలెననీ ఎరిక్ ఎవాన్స్ 2003లో ప్రచురించిన తన గ్రంథంలో వివరించారు. మన సంఘంలో ‘సభ్యుడు’ అనే మాటనే తీసుకుందాం. వాటాధనం రిజిస్టరులో అతడు ఓటుహక్కుదారు, రుణాల ఆవర్జాలో బాకీదారు, ఎరువుల కౌంటరు వద్ద కేవలం కొనుగోలుదారు. ఈ మూడింటినీ ఒకే పట్టికలో కలగలిపితే, ఎరువుల బిల్లులో చేసిన చిన్న మార్పు వడ్డీ లెక్కను తారుమారు చేసే ప్రమాదమున్నది. విడదీసినచో ఒక విభాగం మొరాయించినా మిగిలినవి నడుస్తాయి. ఖరీఫ్ ఆరంభంలో ఎరువుల కోసం రైతులు బారులు తీరినప్పుడు ఈ సౌకర్యం విలువ తెలుస్తుంది.

అయితే విభజనకు మూల్యం ఉన్నది. రైతు వాయిదా చెల్లించినప్పుడు నగదు చిట్టాలో జమ, రుణ ఖాతాలో తగ్గింపు ఏకకాలంలో జరగవలెను. ఏక నిర్మాణంలో ఈ రెండూ ఒకే లావాదేవీ. జరిగితే రెండూ జరుగుతాయి, లేనిచో ఏదీ జరగదు. రెండు వేర్వేరు వ్యవస్థలైతే నడుమ నెట్‌వర్క్ తెగిన క్షణాన డబ్బు జమ అయి, బాకీ తగ్గకుండా నిలిచిపోవచ్చు. గడువు చివరి రోజున ఇట్లు జరిగితే, సకాల చెల్లింపునకు లభించే 3 శాతం వడ్డీ రాయితీ రైతుకు చేజారే ప్రమాదమున్నది. 3 లక్షల పంట రుణంపై ఏడాదికి అది 9,000 రూపాయలు. రసీదు చేతబట్టి వచ్చిన రైతుకు సమాధానం చెప్పవలసినది సాఫ్ట్‌వేర్ నిపుణుడు కాదు, సంఘ కార్యదర్శి.

పెద్ద సంస్థలకు సైతం ఈ అనుభవం ఉన్నది. అమెజాన్ ప్రైమ్ వీడియోలోని ఒక బృందం, ముక్కలుగా నిర్మించిన తన ప్రసార నాణ్యతా పర్యవేక్షణ వ్యవస్థను ఒకటిగా కలిపి, వ్యయాన్ని 90 శాతానికి పైగా తగ్గించుకున్నట్లు 2023లో వెల్లడించింది. నిపుణులు, నిధులు సమృద్ధిగా ఉన్నచోటనే పరిస్థితి ఇట్లుండగా, ఒకరిద్దరు ఉద్యోగులతో నడిచే గ్రామ సంఘం ఎన్ని వ్యవస్థలను సరిచూసుకోగలదు?

కావున నా అభిప్రాయం ఇది: ఇల్లు ఒకటిగా ఉండవలెను, గదులు వేరుగా ఉండవలెను. రుణాలు, డిపాజిట్లు, నగదు, సాధారణ ఖాతా ఒకే వ్యవస్థలో, ఒకే లావాదేవీ పరిధిలో ఉండుట శ్రేయస్కరం. అయితే ఒక విభాగపు పట్టికలను మరొక విభాగం నేరుగా తాకరాదు. నిర్ణీత ద్వారం గుండానే అడగవలెను. గోడలు ముందుగానే సరిగా కట్టినచో, రేపు ఒక గదిని వేరు చేయుట కష్టం కాదు.

ఇక దేనిని వేరు చేయాలి? కొంత ఆలస్యమైనా నష్టం లేనిది, తనకంటూ ప్రత్యేక నిబంధనలు కలది, నిర్వహించేందుకు బాధ్యులున్నది అయితేనే వేరు చేయవలెను. చేపల చెరువు లెక్కలు, గిడ్డంగి అద్దె ఇందుకు అర్హమైనవి. ఎరువుల విక్రయ నమోదు 2018 నుండి దేశమంతటా పాస్ యంత్రాల ద్వారా వేరుగానే సాగుతున్నది. అక్కడ మన కర్తవ్యం ప్రతి సాయంత్రం రెండు లెక్కలనూ సరిపోల్చుట.

వేరుపడిన అన్నదమ్ములకు పొలం గట్టు ఎంత ముఖ్యమో, లెక్కల పొత్తు కూడా అంతే ముఖ్యం. ఏ నిర్మాణాన్ని ఎంచుకున్నా, రైతు చెల్లించిన రూపాయి ఆ రోజే అతని ఖాతాలో కనిపించుటయే దానికి గీటురాయి.