మూత తీసే ముందు దుమ్ము చూడండి



పోయిన ఏప్రిల్‌లో పేరెంట్స్ మీటింగ్ రోజున పాల్వంచ నుంచి వచ్చిన ఒక తండ్రి నా టేబుల్ మీద చిన్న ప్లాస్టిక్ డబ్బా పెట్టారు. అందులో దూది మీద కంప్యూటర్ ప్రాసెసర్ ఉంది. దాని లోహపు మూత పక్కన విడిగా ఉంది. "మావాడు బ్లేడు పెట్టి పీకాడు సార్. అప్పట్నుంచి కంప్యూటర్ ఆన్ కావట్లేదు. వచ్చే ఏడాది పదో తరగతి. వీడి పనులు చూడండి" అన్నారు. వెనక నిలబడ్డ పిల్లాడు తల ఎత్తలేదు.

"ఎందుకు తీశావురా?" అని అడిగాను.

"గేమ్ ఆడుతుంటే 95 డిగ్రీలు దాటుతోంది సార్. మూత తీస్తే 20 డిగ్రీలు తగ్గుతుందని వీడియోలో చూపించారు" అన్నాడు.

వాడు చెప్పింది అబద్ధం కాదు, కానీ సగమే నిజం. ఆ మిగతా సగం ఈ నెల మీతో పంచుకుందామనుకున్నాను. ఎందుకంటే ఈ వేసవి సెలవుల్లో మీ ఇంట్లోనూ ఎవరో ఒకరు స్క్రూడ్రైవర్ పట్టుకునే ఉంటారు.

ప్రాసెసర్‌లో అసలు పని చేసేది గోరంత సిలికాన్ ముక్క. ఇంటెల్ 2012లో తెచ్చిన మూడో తరం నాలుగు కోర్ల ప్రాసెసర్లలో దాని వైశాల్యం సుమారు 160 చదరపు మిల్లీమీటర్లు. ఆ చిన్న చోటు నుంచి 77 వాట్ల దాకా వేడి బయటికి రావాలి. మన సీలింగ్ ఫ్యాన్ తిరగడానికి కావలసినంత కరెంటు మొత్తం గోరంత చోట వేడిగా మారుతోందని ఊహించండి. ఆ వేడిని పరచడానికి, పెళుసుగా ఉండే సిలికాన్‌ను కాపాడడానికి పైన నికెల్ పూత వేసిన రాగి మూత పెడతారు. మూత మీద థర్మల్ పేస్ట్, దాని మీద కూలర్, ఆపైన ఫ్యాన్.

అంటే వేడి ఒక్కో మెట్టూ దాటుకుంటూ గాలిలోకి పోవాలి. సిలికాన్‌కూ మూతకూ మధ్య కూడా ఒక మెట్టు ఉంది. అంతకు ముందు తరంలో అక్కడ సోల్డర్ వాడేవారు. 2012లో దాని బదులు పేస్ట్ పెట్టారు. వేడిని రాగి ఎంత తేలిగ్గా పోనిస్తుందో పేస్ట్ అందులో నలభయ్యో వంతు కూడా పోనివ్వదు. పైగా మూత అంచుల జిగురు మందం వల్ల లోపల కాస్త సందు మిగిలింది. అందుకే కొందరు ఔత్సాహికులు మూత ఊడదీసి, పేస్ట్ తుడిచి, గాలియం కలిసిన ద్రవ లోహం పూశారు. 10 నుంచి 20 డిగ్రీల దాకా తగ్గింది. మనవాడు చూసిన వీడియో అలాంటిదే.

అయితే 2018లో వచ్చిన తొమ్మిదో తరం పైస్థాయి ప్రాసెసర్లలో ఇంటెల్ మళ్లీ సోల్డర్‌కు వచ్చింది. ఏఎమ్‌డీ రైజెన్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో ఎక్కువ భాగం సోల్డర్ వేసినవే. మనవాడు బ్లేడు పెట్టింది అలాంటి దానికే. సోల్డర్ పట్టు వదలలేదు, సిలికాన్ బీటలు వారింది. వీడియోలో ఉన్నదీ తన చేతిలో ఉన్నదీ ఒకే రకమా అని చూసుకోకపోవడమే వాడి మొదటి తప్పు.

ఒకవేళ మూత సవ్యంగా వచ్చినా పని అక్కడితో అయిపోదు. మూత లేకుండా కూలర్‌ను నేరుగా సిలికాన్ మీద కూర్చోబెడితే ఎత్తు తేడా వస్తుంది. బిగింపు సరిచేయకపోతే కూలర్ దానికి తగలనే తగలదు. ఒక పక్క ఎక్కువ బిగిస్తే మూల విరుగుతుంది. 2000 ప్రాంతంలో వచ్చిన పెంటియం 3, అథ్లాన్ ప్రాసెసర్లకు మూతలు ఉండేవి కావు. కూలర్ బిగించేటప్పుడు వాటి మూలలు విరగ్గొట్టుకున్నవాళ్లు చాలామంది. ఇక గాలియం 30 డిగ్రీల లోపే కరుగుతుంది, మన మే నెలలో అల్మరాలో పెట్టినా నీరైపోతుంది. అది కలిసిన ద్రవ లోహంలో కరెంటు పారుతుంది కాబట్టి పక్కన ఒక్క చుక్క పడ్డా షార్ట్ అవుతుంది. అల్యూమినియానికి తగిలితే దాన్ని గుల్ల చేస్తుంది.

ఇన్నీ విన్నాక పిల్లాడిని ఇంకో మూడు ప్రశ్నలు అడిగాను. కంప్యూటర్ ఎక్కడ పెట్టావు? అల్మరా అరలో. గదిలో ఎంత వేడి ఉంటుంది? తెలియదు. ఫ్యాన్ ఎప్పుడు తుడిచావు? కొన్న మూడేళ్లలో ఒక్కసారీ తుడవలేదు.

కొత్తగూడెం, భద్రాచలం వైపు ఎండ ఎలా ఉంటుందో మీకు చెప్పనక్కర్లేదు. మేలో 44, 45 డిగ్రీలు మనకు కొత్త కాదు. ఫ్యాన్‌తో నడిచే ఏ కూలరూ ప్రాసెసర్‌ను గది వేడి కన్నా కిందికి దించలేదు. 22 డిగ్రీల ఏసీ గదికీ, రేకుల కింద 40 డిగ్రీల గదికీ ఉన్న 18 డిగ్రీల తేడా దాదాపు అలాగే లోపలికి చేరుతుంది. దానికి తోడు బొగ్గు లారీలు తిరిగే రోడ్ల దుమ్ము. కూలర్ రెక్కల మధ్య ఆ దుమ్ము అట్టలా పేరుకుంటే, లోపల బంగారం పూసినా వేడి బయటికి పోదు.

అప్పటిదాకా కోపంగా కూర్చున్న తండ్రి అప్పుడు మాట్లాడారు. ఆయన థర్మల్ ప్లాంట్‌లో పనిచేస్తారు. "మాకూ ఇంతే సార్. కండెన్సర్ ట్యూబుల్లో సున్నం పేరుకుంటే వాక్యూమ్ పడిపోతుంది. అప్పుడు టర్బైన్ విప్పం. ముందు రీడింగులు చూస్తాం, తర్వాత ట్యూబులు కడుగుతాం" అన్నారు. పిల్లాడు తలెత్తి తండ్రిని చూశాడు. నాన్న చేసే పనికీ తన కంప్యూటర్‌కూ సంబంధం ఉందని వాడికి అంతవరకూ ఎవరూ చెప్పలేదు.

నా అభిప్రాయం ఇది. పిల్లలు విప్పడం తప్పు కాదు. కొలవకుండా విప్పడం తప్పు. అందుకని విప్పవద్దని కాదు, ముందు కొలవమని చెప్పండి. గది వేడి రాయమనండి. పని లేనప్పుడు ఎంత, గేమ్ నడిచేటప్పుడు ఎంత అని రాయమనండి. కరెంటు తీసేసి దుమ్ము తుడిచి మళ్లీ రాయమనండి. కూలర్ కింద పేస్ట్ మార్చి మళ్లీ రాయమనండి. చాలా ఇళ్లలో సమస్య ఇక్కడే తీరిపోతుంది. అయినా మూత తీయాలనిపిస్తే, రిపేరు షాపులో పాడైన ప్రాసెసర్ ఒకటి అడిగి తెచ్చి దాని మీద చెయ్యి తిప్పనివ్వండి. మూత తీస్తే వారంటీ పోతుందనీ, ఆ డబ్బు ఎవరి కష్టమో కూడా ముందే చెప్పండి.

మాట మా వైపు కూడా ఉంది. మా ల్యాబుల్లో పిల్లలు ప్రాక్టికల్ రికార్డులు అందంగా రాస్తారు, కానీ చాలామంది స్క్రూ విప్పి ఎరుగరు. ప్రతి క్యాంపస్‌లో పాత కంప్యూటర్లతో ఒక టేబుల్, ఒక టూల్ సెట్, వారానికి ఒక పీరియడ్ ఉండాలని నేను మేనేజ్‌మెంట్‌ను కోరుతున్నాను. మీరు కూడా అడగండి. ఫీజు కట్టే తల్లిదండ్రులు ర్యాంకుల గురించి అడిగినంత గట్టిగా దీని గురించీ అడిగితే తప్పకుండా జరుగుతుంది.

మార్కులు తగ్గినప్పుడు మనమూ బ్లేడే తీస్తున్నామేమో ఆలోచించండి. ఆట మానిపిస్తాం, ఇంకో ట్యూషన్ పెడతాం, బ్రాంచ్ మారుస్తాం. వాడికి కళ్లజోడు కావాలేమో, రాత్రి నిద్ర చాలడం లేదేమో, ఏడో తరగతి భిన్నాల దగ్గరే ఆగిపోయాడేమో మాత్రం చూడం.

జూన్‌లో స్కూలు తెరిచాక ఆ తండ్రీకొడుకులు మళ్లీ కనిపించారు. సెకండ్ హ్యాండ్ ప్రాసెసర్ వేశారట, కంప్యూటర్ అల్మరాలోంచి బల్ల మీదికి వచ్చిందట. పిల్లాడు ఒక నోట్‌బుక్ చూపించాడు. రెండు పేజీల నిండా తేదీ, టైము, గది వేడి, ప్రాసెసర్ వేడి రాసి ఉన్నాయి. పగటివి వాడి చేతిరాతలో ఉన్నాయి, రాత్రి షిఫ్టు నుంచి వచ్చాక తెల్లవారుజామున తీసినవి వాళ్ల నాన్న చేతిరాతలో.

— ఫిజిక్స్ ఉపాధ్యాయుడు, ఖమ్మం బ్రాంచ్