వాషింగ్ మెషీన్‌లో గ్రహచారం

మిర్చి కోతల టైమ్‌లో మా ఇంట్లో బట్టలు ముట్టుకోవాలంటే ఎవరికైనా భయమే. ఆ ఘాటు చేతికంటితే సాయంత్రం దాకా మంట. సరిగ్గా ఆ వారమే మెషీన్ మొండికేసింది. ఉతుకుతోంది, పిండట్లేదు. బట్టల్ని నీళ్లలోనే వదిలేసి బీప్ బీప్ అంటోంది.

ముందు వచ్చినాయన వెనక్కి తిప్పి కూడా చూడలేదు. "గేర్‌బాక్స్ పోయిందమ్మా. ఆ ఖర్చుకి ఇంకాస్త వేసుకుంటే కొత్తదే వస్తది" అనేసి వెళ్లిపోయాడు. అమ్మ పంపు దగ్గర కూర్చుని దుప్పట్లు చేత్తో పిండడం మొదలుపెట్టింది. అసలే మణికట్టు నొప్పి. "నా గ్రహచారం" అంది, అంతే.

నాకు ఒళ్లు మండింది. కంచికచర్లలో హైవే పక్కన రిపేర్ షాపు నడిపే అన్న దగ్గరికెళ్లి, "అన్నా, గేర్‌బాక్స్ పోయిందంటే అసలు ఏం పోయినట్టు?" అని అడిగా. ఆయన నవ్వి, స్క్రాప్‌లోంచి పాతది ఒకటి లాగి, బోల్టులు విప్పి ముందు పెట్టాడు.

లోపల గ్రహాలే! మధ్యలో చిన్న పళ్ల చక్రం, పేరు సన్ గేర్. దాని చుట్టూ మూడు ప్లానెట్ గేర్లు. వాటన్నిటినీ చుట్టేస్తూ లోపలివైపు పళ్లున్న రింగ్. బెల్టు తిప్పేది సూర్యుణ్ణి. ఉతికేటప్పుడు రింగ్ కదలదు కాబట్టి గ్రహాలు తమలో తాము తిరుగుతూ సూర్యుడి చుట్టూ కూడా తిరుగుతాయి. వాటిని మోసే పళ్లెం మీదే మనకు టబ్ అడుగున కనిపించే పల్సేటర్ ఉంటుంది. లెక్క కూడా సింపులే. సూర్యుడికి 18 పళ్లు, రింగ్‌కి 72 ఉన్నాయనుకోండి. 72ని 18తో భాగించి 1 కలిపితే 5. అంటే సూర్యుడు 5 చుట్లు తిరిగితే పల్సేటర్ ఒక్క చుట్టు. వేగం తగ్గుతుంది, బలం పెరుగుతుంది. తడిసిన దుప్పట్లను తిప్పాలంటే కావాల్సింది ఆ బలమే.

మరి పిండేటప్పుడు? అక్కడే నాకు మతిపోయింది. షాఫ్ట్ చుట్టూ బిగుతుగా చుట్టిన స్ప్రింగు ఒకటి ఉంటుంది, అదే క్లచ్. ఉతికేటప్పుడు ఒక లివర్ దాన్ని వదులుగా పట్టి ఉంచుతుంది. లివర్ పక్కకు జరగ్గానే స్ప్రింగు షాఫ్ట్‌ని కరిచి పట్టుకుంటుంది, బ్రేక్ బెల్టు వదులవుతుంది. ఇక సూర్యుడు, గ్రహాలు, టబ్ అన్నీ ఒకే ముద్దగా తిరుగుతాయి. తిరుగుతుండగా మూత తీస్తే లివర్ వెనక్కొచ్చేస్తుంది, బ్రేక్ పడుతుంది.

ఆ లివర్‌ని లాగేది ఎవరు? డ్రెయిన్ మోటార్. నీళ్లు వదిలే వాల్వ్‌ని తెరిచేదీ అదే. ఒకే లాగుడుకి రెండు పనులు. (పాత సెమీ ఆటోమేటిక్‌లో ఈ గొడవే లేదు. ఉతకడానికొక మోటారు, పిండడానికొకటి. ఫ్రంట్ లోడ్‌లో గేర్‌బాక్సే ఉండదు.)

"మీ మెషీన్‌లో నీళ్లు పోతున్నాయా?" అన్నాడు అన్న. పోవట్లేదు. "అయితే గేర్‌బాక్స్ జోలికి ఎందుకెళ్లాలి?"

సాయంత్రం ఇంటికొచ్చి, ప్లగ్ పీకి, మెషీన్‌ని వెనక్కి వాల్చి చూశాడు. డ్రెయిన్ మోటార్ కాలిపోయింది. కొత్తది వేశాడు, మొత్తం బిల్లు వెయ్యి లోపే. "గ్రహాలన్నీ బానే ఉన్నాయమ్మా" అంటే అమ్మకి అర్థం కాలేదు గానీ నవ్వింది.

గేర్‌బాక్స్ నిజంగానే పోయే రోజులూ ఉంటాయి. పైన రబ్బరు సీల్ అరిగితే నీళ్లు బేరింగ్‌లోకి దిగి తుప్పు పడుతుంది, పిండేటప్పుడు లారీ వస్తున్నంత మోత. గ్రహాల పళ్లు అరిగితే బట్టలు వేయగానే పల్సేటర్ కటకటమంటుంది. ఉతికేటప్పుడు టబ్ కూడా తిరిగిపోతుంటే ముందు బ్రేక్ చూపించండి. ఎవరైనా పేరు చెప్పి డబ్బులడిగితే, "ఏ భాగం పోయింది, చూపించు" అనండి. తప్పేం లేదు.

ఇప్పుడు మెషీన్ బీప్ అన్నప్పుడల్లా అమ్మ ముందు వెనక్కెళ్లి పైపులోంచి నీళ్లు వస్తున్నాయా లేదా చూస్తోంది.